తాడి తలలు కనిపించేంత మేర

గుల్లలరేవులో మనుషులు లేరు. తెప్పలు నీటికుక్కలవి, మరబోటు నక్కది, గట్టు మీద సరుగుడు తోపు ఎవరిదీ కాదు. తోపు వెనక మూడు పెద్ద తాడిచెట్లున్నాయి. సముద్రం మీంచి చూస్తే రేవు కనిపించదు, ఇసుక కనిపించదు, ఏరు సముద్రంలో కలిసే మొగ అసలే కనిపించదు. సరుగుడు తోపు ఒక నల్లటి గీతలా ఉంటుంది. ఆ గీత మీద మూడు తాడి తలలు మాత్రం లేచి కనిపిస్తాయి. మధ్య తాడి తల మీదికి ముక్కు పెట్టి వస్తే బోటు నేరుగా మొగలోకి వస్తుంది. నాలుగు బారలు అటో ఇటో అయితే ఇసుక మేట మీదికెక్కుతుంది.

రేవులో చట్టం కూడా ఆ తలలతోనే రాసుకున్నారు. అంతకు ముందు ఏడాది నక్క మరబోటు ఒడ్డు దాకా వచ్చి, చీమ కూడా దూరని సన్న కన్నుల వలతో సముద్రాన్ని గోకేసింది. వేలెడంత చేపపిల్ల కూడా మిగల్లేదు. తెప్పలు ఖాళీగా తిరిగొచ్చాయి. చెట్ల మీద పక్షుల గూళ్ళలో పిల్లలు ఆకలికి రాలిపోయాయి. అప్పుడు రేవంతా కూడి తీర్మానించారు: తాడి తలలు కనిపించేంత మేర మరబోటు వల నీళ్ళలో ఉండకూడదు. ఉంటే ఆ బోటును ఋతువంతా రేవులో కట్టెయ్యాలి. బోటు నెంబరు దూరానికి కనిపించేలా రాయాలి. హద్దు దగ్గర ఒకరు కాపలా ఉండాలి. కాపలా ఉన్నవాళ్ళు ఋతువు ముగిసేదాకా ఇంటికి రాకూడదు. హద్దు లోపలికి వచ్చిన బోటును రేవు చేరేదాకా కళ్ళతో వదలకూడదు.

అందరూ బాగుందన్నారు. కాపలా ఎవరుంటారని అడిగేసరికి అందరికీ తమ కాళ్ళ కింది ఇసుక చాలా వింతగా కనిపించింది.

"నేనుంటాను," అంది మంగాయి.

మంగాయి గూడబాతు. ముక్కు కింద సంచి అంత పెద్దది కాబట్టి అందరూ ఆమెను గంగాళం అని పిలుస్తారు. మధ్య తాడి తలలో ఆమె గూడు. అందులో అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ఇద్దరు పిల్లలు, ఒంటి మీద నూగు కూడా లేకుండా, ఎర్రగా.

"నీ పిల్లలకు ఇంకా కళ్ళే సరిగా తెరుచుకోలేదు కదమ్మా," అన్నాడు నీటికుక్కల పెద్ద పోలయ్య తాత.

"అందుకే తాతా. కిందటేడు నా పిల్లల పక్కనే కూర్చున్నాను. నేను పక్కన కూర్చుంటే వాళ్ళ కడుపు నిండలేదు."

పిల్లల్ని అక్కకు అప్పగించి మంగాయి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు అక్కకు నలభై జాగ్రత్తలు చెప్పింది. చెప్పినవే మళ్ళీ చెప్పింది. సగం దూరం ఎగిరి, వెనక్కి వచ్చి, ఇంకొకటి చెప్పింది.

హద్దు దగ్గర లంగరు వేసిన ఇనుప పీపా ఒకటి తేలుతూ ఉంటుంది. అదే కాపలా చోటు. అక్కడ ఒక చిత్రం ఉంది. కెరటం పీపాను పైకెత్తితే తాడి తలలు కనిపిస్తాయి. కెరటం దిగితే మునిగిపోతాయి. అంటే మంగాయికి తన ఇల్లు రోజంతా కనిపిస్తూ ఉంటుంది, రోజంతా కనిపించకుండా పోతూ ఉంటుంది. కనిపించినప్పుడల్లా మధ్య తల మీద ఏదైనా కదిలిందా అని చూసేది. అంత దూరానికి ఏదీ కనిపించదని తెలుసు. తెలిసినా చూసేది.

రోజూ పొద్దున్నే పోలయ్య తాత తెప్ప వేసుకుని అక్కడిదాకా వచ్చి కబురు చెప్పేవాడు.

"తిన్నారా తాతా?"

"తిన్నారు."

"ఇద్దరూనా?"

"ఇద్దరే కదమ్మా ఉన్నది."

"పెద్దాడు చిన్నదాన్ని తోసేసి తింటాడేమో. చిన్నది నోరు తెరిచి అడగదు. నువ్వు దగ్గరుండి చూశావా, అక్క చెప్పిందా?"

"తాడిచెట్టెక్కి చూడమంటావా ఈ వయసులో?"

"ఎక్కలేవు కదా!" అని మంగాయి నిజంగానే ఆలోచించింది. "పోనీ, కింద నిలబడితే రెండు గొంతులు వినిపిస్తున్నాయా?"

"రెండు గొంతులు కాదమ్మా, రెండు రేవుల గోల వినిపిస్తోంది. పక్క చెట్టు మీది కాకులు ఇల్లు మారాలని చూస్తున్నాయి."

మంగాయి నవ్వింది. తాత వెళ్ళిపోయాక ఆ గోల ఎలా ఉంటుందో ఊహించుకోబోయింది. ఆమె వచ్చేటప్పుడు పిల్లల గొంతు సన్నగా, చీపురుపుల్ల గీసినట్టు ఉండేది. ఇప్పుడెలా మారిందో ఆమెకు తెలియదు. తన పిల్లల గొంతు తనకు తెలియకపోవడం ఏమిటని ఆ పూట చేప కూడా పట్టుకోలేదు.

ఇలా ఇరవై రోజులయ్యాక, ఒక మధ్యాహ్నం నక్క మరబోటు వచ్చింది. నక్క పేరు జోగులు. బోటు నడిపే సరంగు ఒక కోతి. బోటు ముక్కు మీద నెంబరుండే చోట ఒక తడి గోనె వేలాడుతోంది.

"నెంబరు మీద ఆ గోనె తియ్యి జోగులూ," అంది మంగాయి.

"ఆరేశానమ్మా గంగాళం."

"సముద్రం మీద రోజూ అదే చోట ఆరేస్తావా? తియ్యి. వల కూడా పైకి తియ్యి. తాడి తలలు కనిపిస్తున్నాయి."

"ఎవరికి? నువ్వు పీపా మీద నిలబడి, బారెడు మెడ సాచి చూస్తున్నావు. చట్టంలో మెడ సంగతి లేదు."

"అయితే నీ సరంగును అడుగుదాం. సరంగూ, బోటు మీంచి కనిపిస్తున్నాయా?"

"మూడూ కనిపిస్తున్నాయండీ," అన్నాడు కోతి. జోగులు వాడి కాలు తొక్కాడు. "రెండు," అన్నాడు కోతి. ఇంకోసారి తొక్కాడు. "ఇంక తొక్కకండి దొరా, ఒక్కటైనా ఉంచాలి కదా."

వల పైకి వచ్చింది. కానీ జోగులు వెళ్ళలేదు. పీపా పక్కనే బోటు ఆపి, గొంతులో తేనె కలిపాడు.

"పిల్లల తల్లివి. ఎన్నాళ్ళని ఇలా ఎండలో ఉంటావు? బోటెక్కు. గంటలో ఇంటి దగ్గర దింపుతాను. పిల్లల్ని ఒక్కసారి చూసుకుని, ముద్ద పెట్టి, వచ్చెయ్యి. అంతసేపూ నేను వల ముట్టనని ఒట్టేస్తాను. ఎవరికి తెలుస్తుంది?"

కెరటం లేచింది, మూడు తలలు కనిపించాయి. దిగింది, పోయాయి.

"నీ ఒట్టు సంగతి అటుంచు జోగులూ. ఒక్కసారి వాళ్ళను చూస్తే నేను మళ్ళీ ఇక్కడికి రాలేను. అది నీకు తెలుసు. అందుకే పిలుస్తున్నావు. పో."

జోగులు పోయాడు. పోయి, ఇంకో ఇరవై ఎనిమిది రోజులు ఆలోచించాడు. ఇలాంటి విషయాల్లో జోగులు ఓపిక గొప్పది. నలభై తొమ్మిదో రోజు ఇంకా తెలవారకముందే సరంగును లేపి, తన బోటు మీది కోతులన్నిటినీ వెంటబెట్టుకుని, తాడిచెట్ల కిందికి వెళ్ళాడు.

"తాడిచెట్టు నరకకూడదని చట్టం ఉందా?"

"ఉందండీ," అన్నాడు సరంగు.

"తాడాకు కొట్టకూడదని ఉందా?"

"లేదండీ. ఇళ్ళ మీద కప్పుకోవడానికి అందరం కొడతాం కదా."

"అయితే ఎక్కండి. ఒక్క ఆకు మిగలకూడదు."

"మధ్య చెట్టు మీద గూడుంది కదండీ."

"గూడున్న చెట్టు ఆకు కొట్టకూడదని ఉందా?"

"లేదండీ. కానీ దొరా..."

"చట్టంలో 'కానీ' ఉందా?"

"లేదండీ."

"మరి నీకెందుకు? ఎక్కు."

సరంగు తల గోక్కున్నాడు. చెప్పాలనుకున్నది ఏదో నాలుక చివర దాకా వచ్చింది. కానీ జోగులు కాలు అతని కాలి దగ్గరే ఉంది. చెట్టెక్కాడు. పొద్దు పొడిచేసరికి మూడు తాడిచెట్లూ తోపు ఎత్తు దాటని బోడి కర్రల్లా మిగిలాయి. ఆకులు కింద కుప్పగా పడ్డాయి. గూడు ఆ కుప్పలో ఎక్కడో పడింది.

సముద్రం మీద కెరటం పీపాను పైకెత్తింది. మంగాయి ఎప్పట్లాగే మెడ సాచింది. సరుగుడు తోపు నల్లటి గీత ఉంది. దాని మీద ఏమీ లేదు.

మంచేమో అనుకుంది. రెండో కెరటం దాకా ఆగింది. మూడో కెరటం దాకా ఆగింది. పదో కెరటానికి ఇక ఆగలేక పోలయ్య తాత కోసం చూసింది. రోజూ ఈపాటికి వచ్చే తెప్ప ఇంకా రాలేదు. బదులుగా మరబోటు వచ్చింది. ఈసారి నెంబరు మీద గోనె లేదు. వెనక వల నీళ్ళలోనే ఉంది.

"ఏమ్మా గంగాళం! తాడి తలలు కనిపిస్తున్నాయా?"

"ఏం చేశావు జోగులూ?"

"అడిగినదానికి జవాబు చెప్పు. కనిపిస్తున్నాయా?"

"లేదు."

"సరంగూ, విన్నావా? కాపలావాళ్ళే చెప్పారు. తలలు కనిపించని చోట వల దింపితే తప్పు లేదు. ఈ లెక్కన ఒడ్డు దాకా నాదే."

"నా గూడు..." అంది మంగాయి.

"ఆ మధ్య చెట్టు మీదేనా? అయ్యో, చూడలేదే! వెళ్ళి చూసుకో తల్లీ. ఎవరూ కాదనరు. నేనైతే ఇప్పటికి సగం దూరం ఎగిరేవాణ్ణి."

మంగాయి పీపా మీంచి లేచింది. నిజంగానే లేచింది. రెక్కలు చాచి, నీళ్ళ మీంచి పది బారలు ఎగిరింది. అక్కడ గాలిలోనే ఆగినట్టయింది. పిల్లలు బతికుంటే, వాళ్ళు రేపు తినబోయే చేపంతా ఈ బోటుకీ ఒడ్డుకీ మధ్య ఉంది. నేను పోతే, ఈ నక్క ఎక్కడ వల లాగాడో, ఏం పట్టాడో రేపు చెప్పేవాళ్ళు ఉండరు. పిల్లలు బతికి లేకపోతే... ఆ మాటను ఆమె పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యకుండానే వెనక్కి తిరిగి, బోటు వెనక వల కట్టే కర్ర మీద వచ్చి వాలింది.

జోగులు మొహం కొంచెం మారింది. "ఇదేమిటి?"

"తాడి తలలు కనిపించడం లేదు. కనిపించనిదాన్ని కనిపిస్తోందని నేను చెప్పను, కాబట్టి నిన్ను ఆపలేను. కానీ లోపలికి వచ్చిన బోటును రేవు చేరేదాకా కళ్ళతో వదలకూడదని కూడా చట్టంలో ఉంది. నడువు. నేను చూస్తూ ఉంటాను."

"చూడు, చూడు. కళ్ళు నొప్పెడితే చెప్పు."

"ఇంకో మాట. చెప్పడం నా బాధ్యత, చెప్తున్నాను. సాయంత్రం మొగ ఎలా పట్టుకుంటావో ఇప్పుడే ఆలోచించుకో."

సరంగు ఒక్కసారిగా తలెత్తాడు. "అదే దొరా! పొద్దున్న నేను చెప్పబోయింది..."

"నోరుముయ్యి. నన్ను భయపెట్టి వెనక్కి పంపాలని చూస్తోంది. పుట్టినప్పట్నుంచీ ఈ మొగలోంచి వస్తున్నాను, పోతున్నాను. నాకు దారి చెప్పేదెవరు?"

రోజంతా జోగులు ఒడ్డు వెంట వల లాగాడు. రోజంతా మంగాయి ఆ కర్ర మీద కూర్చుంది. నలభై తొమ్మిది రోజుల్లో ఇంటికి ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ రాలేదు. తోపు ఆకుల్లో గాలి చప్పుడు కూడా వినిపిస్తోంది. ఒక్క నిమిషం ఎగిరితే చాలు. ఆమె ఎగరలేదు. వల ఎక్కడ తిరిగిందో, ఎన్నిసార్లు తిరిగిందో మాత్రం చూసింది.

సాయంత్రానికి వల ఎంత బరువెక్కిందంటే కోతులందరూ కలిసి లాగినా పైకి రాలేదు. లోపల చేపపిల్లలు ప్రాణంతోనే కొట్టుకుంటున్నాయి.

"ఇలాగే ఈడ్చుకుంటూ రేవుకు పోదాం," అన్నాడు జోగులు సంబరంగా. "అందరూ చూడాలి. పట్టు సరంగూ, మొగ పట్టు."

సరంగు చుక్కాని పట్టుకుని ఒడ్డు వైపు చూశాడు. ఈ చివర్నుంచి ఆ చివరకు ఒకటే నల్లటి గీత. ఎడమ వైపు చూశాడు. అదే గీత. కుడి వైపు చూశాడు. అదే. ముందు కెరటాలు తెల్లగా విరిగిపడుతున్నాయి. వాటి మధ్య ఎక్కడో బోటంత సందు ఉంది.

"అదిగో, అక్కడే," అన్నాడు జోగులు.

"అక్కడా దొరా? నాకు ఇటనిపిస్తోంది."

"నీ మొహం. ఇంకొంచెం అవతల. కాదు, ఇవతల. ఆగు!"

బోటు అడుగు దేన్నో గీరింది. అందరి కాళ్ళ కిందా చెక్క వణికింది. ఇసుక మేట. సరంగు చుక్కాని గిర్రున తిప్పి ఎలాగో వెనక్కి లాగాడు. నీరు పాటు మీద ఉంది, నిమిషనిమిషానికీ తగ్గిపోతోంది. వెనక నుంచి గాలి తోస్తోంది. కోతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఏడుపు మొదలుపెట్టాయి.

"మంగాయమ్మా," అన్నాడు సరంగు. "నాకూ ఇంటి దగ్గర పిల్లలున్నారమ్మా. మీరు పైకెగిరితే మొగ కనిపిస్తుంది కదా."

జోగులు ఆమె వైపు చూడకుండా, సముద్రంతో మాట్లాడుతున్నట్టు అన్నాడు: "మంగాయక్కా... పొద్దున్న ఏదో మాటామాటా అనుకున్నాం. అవన్నీ మనసులో పెట్టుకోకు."

"పొద్దున్న గంగాళాన్ని," అంది మంగాయి. "సాయంత్రానికి అక్కనయ్యాను. మంచిదే." తర్వాత సరంగుతో చెప్పింది. "ఈ బోటు రేవు చేరేదాకా నా బాధ్యతే. మధ్య తాడి ఎక్కడుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. దాని మీదికెళ్ళి నిలబడతాను. నేను కనిపించగానే బోటు ముక్కు నా మీద పెట్టు. ఇటూ అటూ చూడకు."

ఆమె ఎగిరింది. కెరటాలు దాటి, ఇసుక దాటి, తోపు మీదుగా వెళ్ళింది. మూడు బోడి కర్రలు కనిపించాయి. మధ్యదాని మీద వాలింది. అక్కడ గూడు లేదు. పిల్లలు లేరు. కత్తి గాట్లలో ఒక చిన్న ఈక ఇరుక్కుని గాలికి ఊగుతోంది. అది పిల్లలదే. ఆమె వెళ్ళేటప్పుడు వాళ్ళకు ఈకలు లేవు.

కిందికి దూకి ఆ ఆకుల కుప్పంతా ముక్కుతో తవ్వాలనిపించింది. పేరు పెట్టి అరవాలనిపించింది. కానీ రెక్కలు ముడిస్తే బోటుకు గుర్తు పోతుంది. అవతల పదిమంది కోతులున్నారు, వాళ్ళ పిల్లలున్నారు, ఆ నక్క కూడా ఉన్నాడు. మంగాయి రెండు రెక్కలూ ఎంత వెడల్పు చాచగలదో అంత వెడల్పు చాచి, తల పైకెత్తి, కిందికి చూడకుండా నిలబడింది. వెనక పడమర ఎర్రగా మండుతోంది. ఆ ఎరుపు మీద ఆమె నల్లగా, విచ్చుకున్న తాడాకుల్లా కనిపించింది.

సముద్రం మీంచి జోగులు కేక రేవంతా మారుమోగింది.

"కనిపించింది! సరంగూ, తాడి తల కనిపించింది! అదిగో తాడి తల!"

పోలయ్య తాతా, మిగతా నీటికుక్కలూ అప్పటికే ఇసుక మీద చేరి చూస్తున్నారు. తెప్పలకు మొగతో పని లేదు. కెరటం మీద జారుతూ ఎక్కడైనా ఒడ్డుకెక్కుతాయి. అందుకే వాళ్ళు బోటు కంటే ముందే ఒడ్డెక్కారు. జోగులు కేక వాళ్ళందరికీ స్పష్టంగా వినిపించింది.

మొగ దగ్గరికి వచ్చేసరికి వల బరువుకు బోటు ముందుకు కదల్లేదు. "వల సంచి మూతి విప్పకపోతే ఇక్కడే మునుగుతాం దొరా," అన్నాడు సరంగు. జోగులు రెండు కళ్ళూ మూసుకుని తల ఊపాడు. ముడి విప్పారు. చేపపిల్లలన్నీ ఒక్క వెండి పొంగులా బయటికి దూకి, ఒడ్డు నీళ్ళలోకి పారిపోయాయి. బోటు తేలికై, మంగాయి మీద ముక్కు పెట్టి, బాణంలా మొగలోకి వచ్చింది.

రేవులో బోటుకు మొదటి తాడు పోలయ్య తాతే కట్టాడు. రెండో తాడూ కట్టాడు. మూడోది కడుతుంటే జోగులుకు అనుమానం వచ్చింది.

"ఎందుకన్ని తాళ్ళు?"

"ఋతువంతా ఉండాలి కదా."

"నేనేం తప్పు చేశాను? తాడి తలలు కనిపించలేదు. కాపలా ఆవిణ్ణే అడుగు."

"పొద్దుటి సంగతి ఆమె చెబుతుంది. సాయంత్రం సంగతి మేం విన్నాం. 'తాడి తల కనిపించింది' అని నువ్వే అరిచావు. అప్పుడు నీ వల ఎక్కడుంది?"

"నీళ్ళలో... అయినా అది తాడి తల కాదు తాతా, గూడబాతు!"

"సరంగూ, దేన్ని చూసి మొగ పట్టావు నువ్వు?"

కోతి జోగులు కాలు ఎక్కడుందో ఒకసారి చూసుకుని, తన కాళ్ళు రెండూ వెనక్కి లాక్కున్నాడు. "మధ్య తాడి తలను చూసేనండీ. ఇంకెలా వస్తాం?"

రేవంతా గొల్లుమంది. జోగులు కట్టేసిన బోటులోకెళ్ళి ఖాళీ వల మీద ముడుచుకుని పడుకున్నాడు.

బోటుకు తాళ్ళు పడ్డాయి కాబట్టి ఇక కాపలాతో పని లేదు. మంగాయి అప్పటికి చెట్టు దిగి ఆకుల కుప్ప తవ్వుతోంది. పోలయ్య తాత పరుగున వచ్చాడు.

"అక్కడ లేరమ్మా. తవ్వకు. ఎగిరారు."

మంగాయి ముక్కు ఆకుల్లోనే ఆగిపోయింది. "ఎవరు?"

"నీ పిల్లలే. గూడు జారింది. పెద్దాడు ముందు పడ్డాడు. నేల ఇంకా ఇంత దూరం ఉందనగా రెక్క విప్పాడు. అన్న విప్పాడని చిన్నదీ విప్పింది. మీ అక్క, నేను పొద్దున్నుంచి వాళ్ళ వెనకే ఉన్నాం. అందుకే కబురు చెప్పడానికి రాలేదు."

"ఎవరూ నేర్పకుండానేనా?"

"పడుతూ నేర్చుకున్నారు."

"చిన్నది కూడానా?"

"చిన్నదే బాగా ఎగిరింది."

"నువ్వు కళ్ళారా చూశావా?"

"చూశాను."

"మళ్ళీ చెప్పు తాతా," అంది మంగాయి.

తాత మళ్ళీ చెప్పాడు. ఎవరు ముందు, ఎంత ఎత్తున, ఏ పక్కకు వంగి. ఆమె ఒక్కో మాటా వింది. అయిపోయాక ఇంకోసారి చెప్పమంది. మూడోసారి చెబుతుంటే మధ్యలో ఆపి, "ఇంక చాలు. ఎక్కడున్నారు?" అంది.

ఏరు సముద్రంలో కలిసే చోట, మోకాలి లోతు నీళ్ళలో, రెండు బూడిదరంగు గూడబాతులు చేపలు పట్టడం నేర్చుకుంటున్నాయి. వల సంచిలోంచి పారిపోయి వచ్చిన చేపపిల్లలు వాటి చుట్టూ మెరుస్తున్నాయి. ఎక్కువసార్లు ముక్కులో నీళ్ళే వస్తున్నాయి. ఇద్దరూ ఆమె భుజం దాకా ఎదిగిపోయారు. మంగాయి పక్కన వాలగానే బెదిరి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎవరండీ మీరు?" అన్నాడు పెద్దాడు. గొంతు బొంగురుగా ఉంది. ఆమె ఊహించిన ఏ గొంతూ కాదది.

"మీ అమ్మ ఏదీ?" అని అడిగింది మంగాయి.

"మా అమ్మ సముద్రం మీద ఉంటుంది. ఇక్కడికి రాదు."

"ఎందుకు రాదు?"

చిన్నది ముందుకు వచ్చి, ఇదీ తెలియదా అన్నట్టు చూసింది. "మా అమ్మ వచ్చేస్తే అక్కడెవరుంటారు మరి?"

మంగాయి నోరు తెరిచింది. గూడబాతు తల్లి పిల్లలకు తిండి పెట్టేటప్పటిలా ముక్కు సంచి వెడల్పుగా విచ్చుకుంది. అందులో ఆ పూట చేప లేదు. అయినా పిల్లలిద్దరూ ఆ నోటి వైపు చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత చిన్నది ఏమీ అడగకుండా వచ్చి, అంత ఎదిగిన ఒళ్ళుతో, మెడ దాకా తల ఆ గొంతులోకి దూర్చేసింది. పెద్దాడు దాన్ని పక్కకు తోసి తనూ దూర్చాడు.

రేవులో జోగులు బోటు మీద కూర్చుని, తాడిచెట్లకు మళ్ళీ ఆకులు ఎప్పుడొస్తాయా అని సరంగును అడుగుతున్నాడు.

తనను ఆపే గుర్తును తుడిచేసినవాడు, తనను ఇంటికి చేర్చే గుర్తును కూడా తుడిచేసుకున్నట్టే.